తాడిచెట్టెక్కిన సముద్రపు బంతి

1996 మే 14, మంగళవారం పొద్దున పోలీసులు కొడిమ్యాల దగ్గర మా ఊరి తాళ్లల్లోకి వచ్చి, ఒక తాడిచెట్టు కొసకు కట్టి ఉన్న తెల్లని బంతిని దింపించారు. దింపినవాడు మా అన్న ఎల్లేశం. ఆ చెట్టు గీసేదీ, బంతిని దానికి కట్టిందీ అతనే. బంతినీ అన్ననూ ఒకే జీపులో ఎక్కించుకుని పోయారు. మధ్యాహ్నం మా అమ్మ నాగవ్వ, వదిన బాలలక్ష్మి ఠాణాకు పోతే, తాము ఎవరినీ తేలేదన్నారు. పక్క మండలం ఠాణాలోనూ అదే జవాబు.

ఆ రోజుల్లో మా వైపు ఆ జవాబుకు అర్థం అందరికీ తెలుసు. తెచ్చామంటే కేసు ఉంటుంది, కోర్టు ఉంటుంది, బెయిలు ఉంటుంది. తేలేదంటే ఏదో ఒక గుట్ట పేరుతో ఎదురుకాల్పుల వార్త రావచ్చు. నేను జగిత్యాలలో ఒక దినపత్రికకు విలేకరిని. అలాంటి వార్తలు నా చేతి మీదుగానే పోయేవి.

బంతి ఎక్కడిదో ముందు చెప్పాలి.

తాళ్లకు కల్లు పారడం ఆగిపోయాక అన్న ప్రతి ఏడూ బొంబాయి పోయి, రేవులో చేపల పడవలకు మంచు మోసేవాడు. మళ్లీ గీత మొదలయ్యే వేళకు ఇల్లు చేరేవాడు. ఆ జనవరిలో కోరుట్లలో బొంబాయి బస్సు దిగినప్పుడు నేను ఎదురుపోయాను. బస్సు మీది నుంచి దుప్పట్లో కట్టిన మూట దింపించాడు. లోపల గుమ్మడికాయంత బంతి. దానికి ప్లాస్టిక్ తొడుగు వేసిన ఉక్కుతీగ చుట్టలు చుట్టలుగా ఉంది. తీగ చివర మనిషి దూరేంత వెడల్పున గుడ్డ గొట్టం. గొట్టం నిండా తినే పళ్లెమంత గుండ్రటి రంధ్రాలు. దింపిన హమాలీ ఇదేం కాయ అని అడిగితే, సముద్రంలో కాసిందని అన్న చెప్పాడు.

ఒక పడవ వలలో చేపలతో పాటు వచ్చిందట. పడవ ఆసామి చెత్తలో పారేయబోతుంటే అన్న అడిగి తీసుకున్నాడు. ఏం చేస్తావని అడిగాను.

"ఏమో రా. పారేత్తుంటె పాణం ఒప్పలే" అన్నాడు.

నాకూ ఒప్పలేదు. బంతి మీద అక్షరాలు ఉండేవి గాని, అంటుకున్న గుల్లలను గీకేసరికి అవీ పోయాయి. ఒక నంబరు మాత్రం మిగిలింది. కోరుట్లలో ఒక లెక్చరర్‌ను అడిగితే దీపమేమో అన్నాడు. దీపం పెట్టే చోటే లేదు. సిరిసిల్లలో నాకు తెలిసిన రాజమౌళి అని నేతపనివాడు ఉన్నాడు. గుడ్డను అతని దగ్గరికి పట్టుకుపోయాను. మగ్గం ఆపి, గుడ్డను మోకాళ్ల మీద వేసుకుని రంధ్రాల అంచులు తడిమాడు.

"బట్టకు తూటు పడితే అతుకేత్తరు. వీడు తూటు కోసి, దాని సుట్టూ మల్ల గట్టిగ కుట్టిండు. అంటె వానికి తూట్లే కావాలె. ఎందుకో నాకు సమజైతలేదు. నీకు తెలిస్తే నాకు చెప్పిపో" అన్నాడు.

ఎవరికీ తెలియలేదు. గుడ్డను అమ్మ గడ్డివాముకు కప్పింది. బంతి ఇంట్లో మూలకు చేరింది.

మార్చిలో గబ్బిలాల బాధ ఎక్కువైంది. చెట్టు కొసన కల్లుకు లొట్టికుండ కట్టి వస్తే, పొద్దున అన్న ఎక్కేలోపల సగం కల్లు అవి తాగేవి. గీతవాళ్లు లొట్టి మూతికి ముళ్లు కట్టేవారు, పాత గుడ్డలు వేలాడదీసేవారు. అన్నకు ఇంట్లో ఉన్న బంతి యాదికొచ్చింది. నడుముకు మోకుతాడు వేసుకుని ఎక్కి, దాని తీగతోనే దాన్ని మట్టల మధ్య బిగించాడు. మిగిలిన తీగ కిందికి వేలాడింది. ఆ తర్వాత ఆ చెట్టు మీదికి గబ్బిలాలు రాలేదని అన్న చెప్పేవాడు. పక్క చెట్ల మీదికి పోయాయని పక్క చెట్లవాళ్లు చెప్పేవారు. మరో బొంబాయి బంతి తెచ్చిపెట్టమని అడిగినవాళ్లూ ఉన్నారు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం నక్సలైట్ల దళానికి కబుర్లు మోసే మనిషి తాళ్ల కింది కల్లు మండువకు వచ్చాడు. కల్లు తాగుతూ పైకి చూసి అదేమిటని అడిగాడు. గబ్బిలాలకని అన్న చెప్పాడు. అతను నవ్వాడట. తర్వాత ఆ మనిషి ఏమన్నాడో అమ్మ నాకు ఇలా చెప్పింది:

"నువ్వు గబ్బిలాలకంటవు. పోలీసులు మాకంటరు. మావోల్లు పోలీసులకంటరు. దింపు." 

అన్న దింపుతానన్నాడు. దింపలేదు. తాళ్లు బాగా పారుతున్నాయి. ఎన్నికల బందోబస్తుకు వచ్చిన కొత్త పోలీసులు రోడ్డు మీది నుంచి చెట్టు కొసన బంతినీ, వేలాడే తీగనూ చూశారు.

బుధవారం అంతా నేను, వదిన ఠాణాలు తిరిగాం. అమ్మ ఒక ఠాణా ముందు కూర్చుని లేవలేదు. లోపలి నుంచి ఒక జవాను వచ్చి నీళ్లిచ్చి పోయాడు.

గురువారం పొద్దున జగిత్యాలలో మా పత్రిక గది ముందు ఒకామె నిలబడి ఉంది. నలభై ఏళ్లు ఉండవచ్చు. చేతిలో చుట్టిన కాగితం, భుజానికి సంచి. పేరు దమయంతి. విశాఖపట్నంలో సముద్రపు కొలతలు పోగుచేసే ఒక ఆఫీసులో పనిచేస్తున్నానని చెప్పింది. తర్వాత అడిగింది:

"కొడిమ్యాల దిక్కు ఎవరికన్నా తెల్లటి బంతి దొరికిందా? గుమ్మడికాయంత ఉంటది."

నేను ఆమెను కూర్చోమన్నాను. ముందు ఆమెను చెప్పనిచ్చాను.

అలాంటి బంతులను ఓడల మీది నుంచి సముద్రంలో వదులుతారట. నీళ్లు ఎటు తీసుకుపోతే అటు పోతాయి. గాలి తోసెయ్యకుండా నీళ్లే పట్టుకు పోవాలని లోతున ఆ గుడ్డ గొట్టం వేలాడుతుంది. రంధ్రాలుంటే నీళ్లలో కుదురుగా నిలబడుతుంది. కొన్ని గంటలకొకసారి బంతి తాను ఎక్కడ ఉన్నదీ ఉపగ్రహం ద్వారా తెలుపుతుంది, తన అడుగున నీళ్లు ఎంత వేడిగా ఉన్నదీ అదే చెబుతుంది. అలా వచ్చే అంకెల వరుసలన్నీ ఒకచోట భద్రం చేస్తారు. అన్ని దేశాలకూ పంపుతారు. ఎవరు అడిగినా ఇస్తారు.

ఊరికే ఎందుకివ్వాలని అడిగాను. నీళ్లు ఒకచోట ఆగితే గదా దాచుకోను, అంది. ఇక్కడ తుఫాను అంచనా కట్టాలంటే పక్కవాళ్ల బంతి కావాలి, వాళ్లకు మన బంతి కావాలి.

డిసెంబరులో ఒక బంతి లెక్క తప్పింది. జనవరి తర్వాత ఎప్పుడో ఒకటి రెండు వరుసలు వచ్చేవి, అవీ నేల మీది నుంచి. యంత్రం చెడిపోయిందనుకున్నారు. మార్చి నుంచి మాత్రం రోజూ శుభ్రంగా అందాయి. ఇంట్లో మూలన అందని ఉపగ్రహం దానికి తాడిచెట్టు కొసన అందింది. సముద్రం వేడి నలభై డిగ్రీలని ఉంది. ఆఫీసులో నవ్వుకున్నారు. వచ్చిన అంకెలను పటంలో పెడితే ఆ చోటు పేరు అక్కడ ఎవరికీ తెలియదు, దమయంతికి తెలుసు. ఆమె పుట్టింది రాయికల్ దగ్గరి ఊళ్లో.

ఆమెకు రెండు పనులు అప్పగించారు. బంతిని ఆపెయ్యాలి. అది సముద్రంలోంచి బయటికొచ్చిన తేదీ కనుక్కోవాలి. ఆ తేదీ తర్వాతి వరుసలన్నీ అందరి లెక్కలోంచి కొట్టేస్తారు. విదేశంలో ఉన్న పెద్ద ఆఫీసుకు పంపాల్సిన ఫ్యాక్సు ఆమె సంచిలోనే ఉంది. తేదీ చోటు ఖాళీగా ఉంది.

అప్పుడు నేను అన్న సంగతి చెప్పాను.

ఆమె కాగితం విప్పింది. అందులో బంతి లెక్క సోమవారం దాకా ఉంది. లేచి, ఎస్టీడీ బూత్ ఎక్కడుందని అడిగింది.

బూత్‌లో ఆమె విశాఖపట్నానికి ఫోన్ చేసింది. అవతలి మనిషి అంకెలు చదువుతుంటే కాగితం వెనక రాసుకుంది. ఫోన్ పెట్టేసి పటం పరిచింది. మంగళవారం మధ్యాహ్నం నుంచి అంకెలు మారాయి. పెన్సిల్ పెట్టిన చోటు మా ఊరు కాదు, ఏ ఠాణా కాదు. పక్క మండలంలో వాగు ఒడ్డు. అక్కడ ఒక పాత బంగ్లా ఉంది. ఏళ్ల నుంచి ఎవరూ ఉండని బంగ్లా.

"లోపల పెట్టి తలుపేస్తే ఇంత బాగా అందదు. వాకిట్ల పెట్టినట్టున్నరు" అంది.

అన్న అక్కడే ఉన్నట్టా, అని అడిగాను.

"బంతి ఉన్నదని చెప్పగల. మీ అన్న ఉన్నడని చెప్పలేను. నాకు బంతి ఒక్కటే తెలుస్తది."

తేదీ ఇంట్లో ఎవరికైనా తెలుసేమోనని ఆమె మా ఊరికి వస్తానంది. వద్దన్నాను. తాను జలపతి రావు బిడ్డనని ఆమె అప్పుడే చెప్పింది; ఆ మాట దారిలో ఎవరికీ తెలియనక్కరలేదు. రాయికల్ వైపు రైతుకూలీ సంఘం మొదటిసారి బహిష్కరించిన దొరల్లో ఆయన ఒకడు. కుటుంబం రాత్రికి రాత్రి ఊరు వదిలి పద్దెనిమిదేళ్లయింది. మళ్లీ ఎవరూ ఆ దారి తొక్కలేదు. ఆమె ఆటో ఎక్కి కూర్చుంది.

ఠాణా ముందు నుంచి అమ్మను ఇంటికి తెచ్చాం. దమయంతి ఎవరో నేను చెప్పకముందే అమ్మ ముఖం చూసి పోల్చింది. అమ్మ తల్లిగారి ఊరూ అదే.

"కూసో దొర్సాని" అని గద్దె చూపించింది. "మీవోల్లు మా గద్దె మీద కూసునుడు గిదే మొదలు."

దమయంతి కూర్చుంది.

"దినాం పొద్దుగాల ఒక లొట్టి మీ గడి ముంగట పెట్టి అచ్చేది మా నాయిన. ఒక్క దినం తక్కువైతె బండల మీద ఎండల నిలబెట్టేటోడు మీ బాపు. గప్పుడు లొట్టి కోసం, గిప్పుడు బంతి కోసం. మా తాళ్లు మిమ్ముల ఇడిసిపెడ్తలేవు."

"మా బాపు చేసింది కాదనను అవ్వా. బంతి ఏడున్నదో చెప్పనీకి అచ్చిన."

"బంతి ఏడుంటె నాకేంది? నా కొడుకు ఏడున్నడో చెప్పు."

"అది తెల్వదు. తెల్వంది చెప్ప."

అమ్మ లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. బంతి ఎప్పుడు వలలో పడిందో అమ్మకు గాని వదినకు గాని తెలియదు. ఆ తేదీ ఎల్లేశానికే తెలుసు.

సాయంత్రం మళ్లీ జగిత్యాల బూత్. ఈసారి ఫోన్‌లో ఆమె పై అధికారి. నాకు ఆమె మాటలే వినిపించాయి. అవతలి మాటలు తర్వాత చెప్పింది. ఫ్యాక్సు ఇవాళే పంపమన్నాడు. నేల మీది వరుసలు ఎన్నాళ్లు పంచుతామని అడిగాడు. ఫ్యాక్సు అందితే ఆ నంబరును జాబితాలోంచి తీసేస్తారు. తర్వాత బంతి ఏం చెప్పినా ఎవరికీ చేరదు.

"తేదీ ఇంకా తెలవలేదు సార్" అంది.

అవతల ఏదో అన్నారు.

"అందాజుగా రాయను సార్. తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నడు. ఆయన కనబడంగనే పంపుత."

ఫోన్ పెట్టేసి, ఫ్యాక్సు కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది.

నేను గదికి వచ్చి వార్త రాశాను. పోలీసులు తీసుకుపోయారని రాస్తే డెస్కులో పోలీసుల మాట కూడా కావాలంటారు. పోలీసుల మాట తేలేదనే. అందుకని బంతి గురించి రాశాను. అరేబియా సముద్రంలో తిరగాల్సిన బంతి కొడిమ్యాల దగ్గర తాడిచెట్టు ఎలా ఎక్కిందో, గబ్బిలాలు ఎలా పారిపోయాయో, విశాఖపట్నంలో నలభై డిగ్రీల సముద్రాన్ని చూసి ఎలా నవ్వుకున్నారో రాశాను. చివరి పేరాలో మూడు సంగతులు ఉన్నాయి. బంతినీ దాన్ని కట్టిన గీతకార్మికుడు ఎల్లేశాన్నీ మంగళవారం ఒకే జీపులో తీసుకుపోయారని ఊరివాళ్లు చెబుతున్నారు. గురువారం సాయంత్రం దాకా అందిన లెక్క ప్రకారం బంతి వాగు ఒడ్డున బంగ్లా దగ్గర ఉంది. ఎల్లేశం ఎక్కడున్నదీ తెలియదు.

డెస్కు నుంచి ఒకటే ప్రశ్న వచ్చింది, గబ్బిలాలు నిజంగా రాలేదా అని. రాలేదని అన్న చెప్పాడన్నాను. శుక్రవారం పొద్దున ఆ వార్త జిల్లా పేజీ నడుమ డబ్బా కట్టి వచ్చింది.

పదకొండింటికి ఎస్సై జగిత్యాలలో మా గది కింద టీ హోటల్‌కు వచ్చి నన్ను పిలిపించాడు. యూనిఫాం లేదు. దమయంతి కూడా నాతో వచ్చింది. అతను పేపరు మడత పెట్టి బల్ల మీద ఉంచాడు.

"బంగ్లా సంగతి ఎవడు చెప్పిండు నీకు?"

"బంతే చెప్పింది సార్."

అతను దమయంతి వైపు తిరిగాడు. ఆమె పటం పరిచి, తేదీలు వేసిన చుక్కలు చూపించింది. సముద్రం, బొంబాయి, కోరుట్ల, మా ఊరు, వాగు ఒడ్డు. అతను చుక్కల మీద వేలు పెట్టుకుంటూ వచ్చి చివరి దాని దగ్గర ఆపాడు.

"ఇవి ఎవరెవరికి తెలుస్తయి మేడం?"

"అడిగినవాళ్లందరికి."

"అమెరికాకు?"

"తెలుస్తది."

"మా ఎస్పీ సాబుకు?"

"అడిగితె తెలుస్తది."

"గిప్పుడు గూడ చెప్తనే ఉన్నదా?"

"చెప్తనే ఉన్నది."

టీ వచ్చింది. అతను తాగాడు. సీక్రెట్ కానప్పుడు వైర్లెస్ ఎందుకని అడిగాడు. నీళ్ల వేడి తెలుసుకోవడానికని ఆమె చెప్పింది. అతను డబ్బులిచ్చి పోయాడు. పోతూ పేపరు తీసుకుపోయాడు.

శనివారం మధ్యాహ్నం ఎల్లేశాన్ని జగిత్యాల కోర్టులో హాజరుపరిచారు. లైసెన్సు లేని వైర్లెస్ పరికరం ఉంచుకున్నాడని కేసు. శుక్రవారం సాయంత్రం పట్టుకున్నట్టు రాశారు. బంతిని కూడా తెచ్చి బల్ల మీద పెట్టారు. దమయంతి మేజిస్ట్రేటును అడిగి, సంచిలోంచి చిన్న అయస్కాంతం తీసి బంతికి ఒకచోట అంటించింది. అయస్కాంతం ఉన్నంతసేపూ అది పలకదని చెప్పింది. అక్కడున్న అందరూ బంతిని చూశారు. ముందు కూడా అది పలికినట్టు ఎవరికీ వినబడలేదు.

వరండాలో అన్న మెట్టు మీద కూర్చున్నాడు. నిలబడలేకపోయాడు. అమ్మ అతని పాదాలు ఒళ్లో పెట్టుకుని చూసి, కొంగు కప్పింది. దమయంతి పక్క మెట్టు మీద కూర్చుని, బంతి ఏ రోజు వలలో పడిందని అడిగింది.

"తారీకు తెల్వదమ్మా. దాదర్ల అంబేద్కర్ సారు కాడికి జనం అత్తరు గదా, గా దినం రైలెక్కరాలే. దాని తెల్లారి."

"డిసెంబర్ ఆరు. అయితే ఏడు."

"ఏడే కావచ్చు. పొద్దుగాల."

ఆమె కాగితం తీసి తేదీ వేసింది. అన్న దాన్ని చూస్తున్నాడు.

"నీల్లల్ల ఉన్నన్ని దినాలు అది ఎటెటు తిరిగింది?" అని అడిగాడు.

ఆమె పటం తీసి చూపించింది. కేరళకు ఎదురుగా దూరాన వదిలారు. కొన్ని వారాలు ఒకేచోట గుండ్రంగా తిరిగింది. తర్వాత వానల గాలికి కాదు, అడుగున నీటి దారి పట్టుకుని ఉత్తరంగా బొంబాయి వైపు వచ్చింది. అన్న ఆ గీత వెంట కన్ను తిప్పాడు.

"నాకన్న ఎక్కువ తిరిగింది" అన్నాడు.

ఆ సాయంత్రం నాలుగు గంటలకు దమయంతి జగిత్యాల బూత్ నుంచి ఫ్యాక్సు పంపింది. రాత్రి బస్సుకు పోయింది. అమ్మ గడ్డివాము మీది గుడ్డను ఉతికి, మడత పెట్టి ఆమెకు పంపించింది. తర్వాతి వారం నేను సిరిసిల్ల పోయి రాజమౌళికి రంధ్రాల సంగతి చెప్పాను. నీళ్లను పట్టుకునే సంచి అన్నమాట, అన్నాడు. ఎంత లోతున ఉంటుందని అడిగి, మళ్లీ మగ్గం మీదికి పోయాడు.

సోమవారం అన్నకు బెయిలు వచ్చింది. అరికాళ్ల పుండ్లు వానలు పడేదాకా మానలేదు. తర్వాతి జనవరిలో మోకు తీసుకుని ఒక చెట్టుకు సగందాకా ఎక్కి దిగాడు. ఆ చెట్లను గీతకార్మికుల సంఘం వేరేవాళ్లకు ఇచ్చింది. అన్న, వదిన, అమ్మ కోరుట్లకు మారి, బస్టాండు దగ్గర టీ హోటల్ పెట్టుకున్నారు. 1999లో కోర్టు కేసు కొట్టేసింది. బంతిని తిరిగి ఇచ్చినట్టు కాగితం లేదు.

2003లో నేను ఆ బంతి నంబరు రాసి, దాని వరుసలు కావాలని ఆ పెద్ద ఆఫీసును అడిగాను. ఎవరని గాని, ఎందుకని గాని వాళ్లు అడగలేదు. వారంలో వచ్చాయి. మొదటి వరుస బంతిని సముద్రంలో వదిలిన రోజుది. చివరి వరుస 1995 డిసెంబర్ 7, తెల్లవారుజాముది. నీళ్ల వేడి ఇరవై ఎనిమిది డిగ్రీలు. దాని తర్వాత వరుసలు లేవు.